తొమ్మిది ఉత్తరాల్లో లేని మాట

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక టీచరుగారు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. సంగతి ఇది.

ఆమెకి 39 ఏళ్లు. పెళ్లయి 14 ఏళ్లు. భర్తది హనుమకొండలో ఉద్యోగం. తాగుడు లేదు, చేయి చేసుకునే మనిషి కాదు. "ఆయనకి నోరే లేదు, మా గొడవంతా అదే" అని రాశారు. పుట్టింటివాళ్లు పెట్టిన 18 కాసుల బంగారాన్ని, ఆమె స్కూల్లో ఉన్న రోజు చూసి బీరువాలోంచి తీసి, బ్యాంకులో తాకట్టు పెట్టి, తమ్ముడి ఎరువుల కొట్టుకి సర్దారట. కొట్టు మునిగింది. అప్పు కట్టలేదు. వేలం నోటీసు ఇంటికొచ్చిన రోజునే ఆమెకి విషయం తెలిసింది. ఆ రాత్రి అత్తగారు "ఇంటి కోడలివి, ఆ మాత్రం ఆదుకోకూడదా" అంటుంటే ఆయన టీవీ చూస్తూ కూర్చున్నారు. 2022 దసరా సెలవులకి కొడుకుని తీసుకుని పుట్టింటికి వచ్చేసిన ఆమె మళ్లీ వెళ్లలేదు.

ఈ ఏడాది, 2025 ఫిబ్రవరిలో, ఇద్దరూ కలిసి పరస్పర అంగీకారంతో విడాకులకి పిటిషన్ వేశారు. బంగారంతో కలిపి 12 లక్షలకి మాట కుదిరింది. 4 లక్షలు ముట్టాయి. మిగిలిన 8 లక్షలు రెండో మోషన్ రోజున, అంటే ఆరు నెలల గడువు తర్వాత ఇద్దరూ మళ్లీ కోర్టుకొచ్చి విడాకులు కావాలని చెప్పే రోజున, ఇవ్వాలి. ఆరు నెలలు ఆగడం దేనికి, గడువు మాఫీ చేయమని పిటిషన్ వేద్దామని లాయరుగారంటే, ఈమె "ఆగుదాంలెండి" అన్నారట. ఎందుకన్నారో ఆమెకే తెలీదట.

మార్చిలో మొదటి ఉత్తరం వచ్చింది. నీలం రంగు ఇన్‌ల్యాండ్ లెటర్. ఆమె పేరుకి ముందు 'చి.ల.సౌ.', లోపల మొదటి ముక్క 'ఉభయకుశలోపరి'. తన తాతగారు నాయనమ్మకి ఇలాగే రాసేవారని పెళ్లయిన కొత్తలో ఆయన చెప్పి నవ్వించిన మాట ఈమెకి గుర్తొచ్చింది. అప్పటి నుంచి ఇంచుమించు పదిహేను రోజులకొకటి చొప్పున తొమ్మిది వచ్చాయి. మొదటి రెండింటికీ జవాబివ్వలేదు. మూడోదాంట్లో "చామదుంపల పులుసు నేనే పెట్టుకున్నాను. పులుపెక్కువైంది. నువ్వు బెల్లం ఎంత వేసేదానివో ఏనాడూ చూడలేదు" అని ఉంది. ఆ రాత్రి ఈమె ఒక కార్డు ముక్క మీద "ఉసిరికాయంత" అని రాసి, పొద్దున్నే పోస్టు చేశారు. మిగతా వాటికి పెద్ద జవాబులే రాశారు.

ఫోన్లో మాత్రం ఆయన పాత మనిషే. జూన్‌లో కొడుకు ఫీజు గురించి మాట్లాడితే "ఊఁ", "చూద్దాం", "అమ్మనడిగి చెప్తా". ఈమె ఫోన్ విసిరికొట్టారు. వాళ్లన్నయ్య ఉత్తరాలు చూసి "8 లక్షలు ఎగ్గొట్టడానికి నాటకం. తీసుకెళ్లి లాయరుకిచ్చెయ్" అన్నారు. అమ్మగారు "ఈ రోజుల్లో ఉత్తరం రాసే మొగుడు ఎవరికున్నాడే" అంటున్నారు. పదకొండేళ్ల కొడుకు పోస్ట్‌మాన్ దగ్గర ఉత్తరం తీసుకుని తల్లి టేబుల్ మీద పెట్టి వెళ్లిపోతాడు. ఒకసారి మాత్రం "నాన్న నాకెందుకు రాయడు?" అని అడిగాడు.

ఆగస్టు మూడో వారంలో వాయిదా. "ఉత్తరంలో మనిషి నిజమా, ఫోన్లో మనిషి నిజమా? సంతకం పెట్టాలా, మానాలా? మీరు పెట్టమంటే పెడతాను" అని ముగించారు.

*

అమ్మా, ముందు ఆ చివరి మాట వెనక్కి తీసుకోండి. మీ 14 ఏళ్ల కాపురం సంగతి ఆరు పేజీలు చదివిన నేను తేల్చకూడదు. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాకు కనిపించినవి చెబుతాను.

మొదట ఆ "ఆగుదాంలెండి" దగ్గర ఆగాను. పరస్పర అంగీకార విడాకులు 1976లో హిందూ వివాహ చట్టంలోకి 13బి సెక్షన్‌గా వచ్చాయి. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలన్న నియమం అప్పుడే పెట్టారు, కోపంలో వేసినవాళ్లు ఇంకోసారి ఆలోచించుకుంటారని. ఏళ్ల తరబడి విడిగా ఉండి, డబ్బూ పిల్లల సంగతీ తేలిపోయి, ఇక కలిసే ఆశ లేనివాళ్లకి జడ్జిగారు ఆ గడువు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు రెండేళ్లకు పైగా విడిగా ఉన్నారు, డబ్బు లెక్క కుదిరింది. మీ లాయరు అడిగినదాంట్లో తప్పు లేదు. మీరే వద్దన్నారు. అప్పటికి ఒక్క ఉత్తరమూ రాలేదు చూడండి. ఉత్తరాలొచ్చి మీ మనసు చెడగొట్టాయని మీ అన్నయ్య అనుకుంటున్నారు, మీకూ ఆ అనుమానం ఉన్నట్టుంది. ఆ మనసు అంతకుముందే ఊగుతోంది.

ఇక మీ పెద్ద ప్రశ్న. ఏ మనిషి నిజం? ఇద్దరూ నిజమే. అందుకే మీకింత కష్టంగా ఉంది.

మా తాతయ్య ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగి. అమ్మమ్మ పిల్లలతో ఊళ్లో ఉండేది. వంటింటి చూరుకి ఒక ఇనపతీగ వేలాడుతుండేది, వచ్చిన ఉత్తరమల్లా దానికి గుచ్చేది. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక అవి చదివి చూశాను. బియ్యం ధర, కొబ్బరికాయల లెక్క, గేదె ఈనిందా, మధ్యలో ఎక్కడో "నీ దగ్గు ఎలా ఉన్నది, మిరియాల కషాయం మానవద్దు". ఆ తాతయ్యే సెలవులకి వస్తే పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. "కాగితం మీద ఇంత నోరుంది, ఇంట్లో ఏమవుతుందో" అనేది అమ్మమ్మ. ఇది గొప్పగా చెప్పడంలేదు. ఆవిడ ఆ కాగితాలతో సరిపెట్టుకుంది, వేరే దారి లేదు కాబట్టి. మీకు ఉద్యోగం ఉంది, దారి ఉంది. సరిపెట్టుకోవాల్సిన అవసరం మీకు లేదు.

ఉత్తరం రాసేటప్పుడు మనిషి ఒక్కడే ఉంటాడు. మాట తోచకపోతే ఆగుతాడు, కొట్టేస్తాడు, రేపు రాద్దామనుకుంటాడు. ఎదురుగా ఎవరూ "ఏమంటావ్?" అని నిలదీయరు. ఫోన్లో మీరు ఫీజు అడిగినప్పుడు పక్క గదిలో తల్లి ఉంటుంది, జేబులో డబ్బుండదు, మీ గొంతులో మూడేళ్ల కోపం ఉంటుంది. ఆ మూడింటి మధ్యా నోరు పెగలని మనిషి ఆయన. కాపురమంటే మాత్రం ఆ మూడింటి మధ్యే కదా. పులుసులో బెల్లం ఉసిరికాయంత అని చెప్పుకోవడానికి ఒక ఇల్లు అక్కర్లేదు. ఫీజు ఎవరు కట్టాలో, తల్లికి ఏం జవాబు చెప్పాలో, బీరువా తాళం ఎవరి దగ్గరుండాలో తేల్చుకోవడానికే ఇల్లు.

బీరువా అన్నాను కాబట్టి అసలు సంగతికి వస్తాను. తొమ్మిది ఉత్తరాల్లో ఏమున్నాయో మీరు నాకు దాదాపు వరసగా రాశారు. కుండీలో తులసి ఎండిపోతే మళ్లీ వేశారు. మీ పాత స్కూటీ అమ్మలేదు. బీపీ మాత్ర మొదలైంది. మీ తెల్ల చుడీదార్ ఇస్త్రీ చేయించి పెట్టారు. ఆరో ఉత్తరంలో "అప్పుడు మాట్లాడాల్సింది" అన్నారు. అంతా చదివాక నేను ఒక్క మాట కోసం వెతికాను. బంగారం. ఎక్కడా లేదు.

మీ జవాబుల్లోనూ లేదు! అది రాసిన ఒక్క ఉత్తరం పోస్టు చేయకుండా చీరల కింద దాచానని మీరే చెప్పారు. ఎందుకు దాచారో నాకు తెలిసినట్టే ఉంది. అది వెళ్తే, ఇలాంటి ఉత్తరాలు ఆగిపోతాయేమోనని భయం. ఆయన భయమూ అదే కావచ్చు. ఇద్దరూ కలిసి ఆ నీలం కాగితాలని ఎంతో జాగ్రత్తగా, దాని నీడ కూడా పడకుండా కాపాడుకుంటున్నారు. అందుకే అవి అంత బాగున్నాయి.

ఆరో ఉత్తరంలో ఆ "అప్పుడు" ఎప్పుడు? నాకు అర్థం కాలేదు, మీకూ అర్థం కాలేదని నా అనుమానం. తల్లి మిమ్మల్ని అంటున్న రాత్రి నోరు విప్పాల్సిందనా? తాకట్టు పెట్టే ముందు మిమ్మల్ని అడగాల్సిందనా? ఈ రెండూ ఒకటి కాదమ్మా. మొదటిది తల్లి మీద నెట్టేసే పశ్చాత్తాపం. రెండోది తన చెయ్యి తను చూసుకోవడం. మీ ఆరు పేజీల్లో అత్తగారి మాట ఒక్కసారే వచ్చింది. ఆయన బీరువా తీసిన మధ్యాహ్నం నాలుగుసార్లు వచ్చింది. మీకు తగిలిన దెబ్బ అక్కడ ఉంది. అది ఆయనకి తెలుసా?

ఇందులో న్యాయం మీ వైపే ఉందని మళ్లీ మళ్లీ నిరూపించుకోనక్కర్లేదు. పుట్టింటివాళ్లు పెట్టిన నగలు స్త్రీధనం, భార్య సొంతం. కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగి ఇచ్చే నైతిక బాధ్యత అతనిదేనని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పి, ఆ భార్యకి 25 లక్షలు ఇప్పించింది. మీ ఒప్పందంలో బంగారం ఖరీదు కలిపేశారు కాబట్టి లెక్క ప్రకారం అది తేలినట్టే. మీ మనసులో మాత్రం తేలలేదు.

మీ అన్నయ్య అనుమానాన్ని కొట్టిపారేయను. 8 లక్షలు ఇవ్వాల్సిన రోజు దగ్గరపడుతుంటే ఉత్తరాలు రావడం, చూసేవాళ్లకి అలాగే ఉంటుంది. కానీ డబ్బు ఎగ్గొట్టాలనుకునేవాడు "కేసు వెనక్కి తీసుకుందాం" అని ఎక్కడో ఒకచోట అంటాడు. అలాంటి మాట ఏదీ లేదన్నారు. పైగా విడాకులు ఆగినంత మాత్రాన ఆయన బరువేమీ తగ్గదు. మనోవర్తి అడిగే హక్కు, బంగారం అడిగే హక్కు మీకు అలాగే ఉంటాయి. నాటకమైతే చాలా తెలివితక్కువ నాటకం.

నన్ను కలవరపెట్టింది వేరే. "తిరిగి రా అని ఒక్క ఉత్తరంలోనూ అనలేదు" అని రాశారు, అదేదో మంచి గుణమన్నట్టు. మిమ్మల్ని ఒత్తిడి చేయకూడదన్న మర్యాద కావచ్చు. వస్తే మళ్లీ ఆ పాత గొడవలన్నీ ఎత్తుకోవాలన్న భయం కావచ్చు. లేదా ఆయనకి ఉత్తరం చాలు కావచ్చు. విడిపోయిన భార్యకి పదిహేను రోజులకోసారి రాసుకుంటూ, ఏ తగాదా లేకుండా, తల్లి దగ్గర హాయిగా ఉండే మగవాళ్లు ఉంటారు. ఆయన అలాంటివారని నేననను. మీరు అడగకుండా మాత్రం తెలీదు.

ఉత్తరాలు లాయరుకి ఇవ్వమన్న సలహా మాత్రం పక్కన పెట్టండి. అంగీకార విడాకుల్లో ఎవరి తప్పూ రుజువు చేయక్కర్లేదు, కాబట్టి వాటికి అక్కడ పనే లేదు. కేసు ఎదురు తిరిగి పోట్లాటగా మారితే అప్పుడు పని పడుతుంది. 1975లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన దాస్తానే కేసు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. భార్యాభర్తలు ఒకరికొకరు, అత్తమామలకి రాసుకున్న ఉత్తరాల్లోని వాక్యాలు జడ్జీల ముందు ఒక్కొక్కటిగా పరిచారు. చి.ల.సౌ. అని మొదలయ్యే కాగితం మీద కోర్టు ఎగ్జిబిట్ నంబరు పడాలని మీకుందా? బీరువాలోనే ఉంచండి. తాళం ఈసారి మీ దగ్గర.

ఇప్పుడు వాయిదా సంగతి.

సంతకం పెట్టారనుకోండి. డిక్రీ, అంటే విడాకుల తీర్పు వస్తుంది, 8 లక్షలు వస్తాయి, అబ్బాయి చదువుకి నిశ్చింత. ఆ తర్వాత మీరిద్దరూ ఉత్తరాలు రాసుకోవద్దని ఏ చట్టమూ చెప్పదు. మళ్లీ ఒకరినొకరు పెళ్లి చేసుకున్నా అడ్డం లేదు. కానీ వాళ్లమ్మగారు ఊరుకోరు, సంబంధాలు చూస్తారు. ఏదో ఒక ఉత్తరంలో ఉభయకుశలోపరి తర్వాత రెండో వాక్యం ఆ కబురే కావచ్చు. అది చదివి బడికి వెళ్లి పాఠం చెప్పగలనా అని ఇప్పుడే ఒకసారి ఊహించుకుని చూడండి. తట్టుకోగలననిపిస్తే మీరు అనుకున్నదానికంటే గట్టిపడ్డారన్నమాట.

సంతకం ఇప్పుడు పెట్టకుండా ఆగొచ్చు కూడా. ఈ మాట మీకెవరూ చెప్పలేదనుకుంటా, ఆగస్టునే ఆఖరి రోజన్నట్టు టెన్షన్ పడుతున్నారు. ఆరు నెలలన్నది ఆగాల్సిన కనీస గడువు. పిటిషన్ వేసిన రోజు నుంచి 18 నెలల వరకూ, అంటే వచ్చే ఏడాది ఆగస్టు దాకా, రెండో మోషన్‌కి సమయం ఉంటుంది. వాయిదా అడగమని మీ లాయరుకి చెప్పండి. దీనికీ ఖరీదుంది. 8 లక్షలు అప్పటిదాకా రావు. అన్నయ్య ఇంట్లో మాటలు పడాలి. పెళ్లయినామెగానూ కాదు, కానిదానిగానూ కాదు, ఇంకో ఏడాది. ఊరికే ఆగితే ఆ ఏడాది కూడా తులసి కుండీల కబుర్లతోనే గడిచిపోతుంది. ఆగేటట్టయితే దేనికోసం ఆగుతున్నారో, ఎప్పటిదాకానో ఆయనకి రాసి మరీ ఆగండి.

పూర్తిగా వెనక్కి తగ్గే దారీ ఉంది. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా అంగీకారం ఉపసంహరించుకోవచ్చని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు తీసుకున్న 4 లక్షల సంగతేమిటి, ఒప్పందంలో ఏం రాసుకున్నారు అన్నది లాయరుతో కూర్చుని చూసుకోవాలి. నా భయం డబ్బు గురించి కాదు. బంగారం గురించి ఒక్క మాటా అనుకోకుండా, తొమ్మిది ఉత్తరాల బలంతో మీరు హనుమకొండ వెళ్తే, మూడో రోజుకి అదే టీవీ ముందు, అదే సోఫాలో, అదే మనిషి కనిపిస్తారు. అప్పుడు ఉత్తరాలు కూడా ఉండవు. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లు రాసుకోరు కదా.

నన్ను గట్టిగా అడిగితే, సంతకం కంటే ముందు చీరల కింద ఉన్న ఉత్తరం సంగతి చూడమంటాను. ఉన్నదున్నట్టు పంపొద్దు, అందులో అత్తగారి మీద రెండు పేజీలున్నాయన్నారు. అవి తీసేయండి. మూడు ప్రశ్నలు చాలు. ఆ రోజు బీరువా తీసేటప్పుడు ఏమనుకున్నావు? నన్నెందుకు అడగలేదు? ఇప్పుడు నా నుంచి నీకేం కావాలి? ఫోన్లో వద్దు, ఆయనకి మాట వచ్చేది కాగితం మీదే అని మనకి తెలిసింది కాబట్టి అక్కడే అడగండి. మీ నుంచి హనుమకొండకి మూడు నాలుగు రోజులనుకున్నా, వాయిదాలోపు జవాబు రావడానికి సమయం ఉంది.

జవాబులో మళ్లీ పులుసే ఉంటే అదీ జవాబే. సంతకం పెట్టేటప్పుడు మీ చెయ్యి అంతగా వణకదు. జవాబే రాకపోతే వాయిదా రోజున సమయం అడగండి, కానీ ఇంకో ఉత్తరం మీరు రాయొద్దు. రాసేవంతు ఆయనది. నిజంగా జవాబు రాసి, ఆ మధ్యాహ్నం తనేం చేశారో దాచకుండా చెప్పారనుకోండి, అప్పుడు కలవండి. మీ పుట్టిల్లు వద్దు, ఆయనిల్లు వద్దు. కుటుంబ న్యాయస్థానం రాజీకి ప్రయత్నించాలని 1984 చట్టంలోనే ఉంది, కౌన్సెలర్ ముందు కూర్చోవాలని ఉందని వాయిదా రోజున జడ్జిగారిని అడగొచ్చు. కాగితం మీద రాసిన మాటే ఆయన మీ కళ్లలోకి చూస్తూ, తడబడుతూనైనా సరే, పైకి అనగలరా అన్నది అక్కడ తేలుతుంది. మళ్లీ వాళ్లమ్మగారి ముందు అనగలరా అన్నది ఆ తర్వాతి పరీక్ష. నాలుగు రోజులు కలిసి ఉండి చూద్దామనుకుంటే ముందు లాయరుకి చెప్పండి. విడిగా ఉంటున్నామని ఇద్దరూ కోర్టులో రాసిచ్చారు కదా. లాయరు మీ అన్నయ్య మాటే వింటున్నారనిపిస్తే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయసాయం చేస్తారు.

మీ అబ్బాయి సంగతి చివరికి ఉంచాను, మీరూ చివరి పేజీలోనే రాశారు కాబట్టి. నాన్న అక్షరాలు గుర్తుపట్టి, ఆ కాగితాన్ని మడత పడకుండా మీ టేబుల్ మీద పెట్టి వెళ్లే పిల్లవాడు మీ ఇద్దరి కంటే ఎక్కువసార్లు ఆ కవరు వంక చూసి ఉంటాడు. "నాన్న నాకెందుకు రాయడు?" అంటే మీరు "రాస్తారులే" అన్నారట. మీరు విడిపోయినా, కలిసినా, ఆయన వాడికి తండ్రే. వాడి విషయానికి ఆగస్టు వాయిదాతో సంబంధం లేదు.

ఈ శనివారం వాణ్ని పోస్టాఫీసుకి తీసుకెళ్లి ఒక ఇన్‌ల్యాండ్ లెటర్ కొనివ్వండి. రెండున్నర రూపాయలు. ఎలా మడవాలో, ఎక్కడ జిగురు రాయాలో చూపించండి, వాళ్లకి తెలీదు. ఏం రాశాడో అడక్కండి. చిరునామా, పిన్‌కోడ్ సరిగ్గా ఉన్నాయో లేదో మాత్రం చూసి, డబ్బాలో వాణ్నే వెయ్యనివ్వండి.